అర్ధరాత్రి మాడ్రిడ్, తెల్లవారితే అలిపిరి

నెల్లూరు వాళ్లకి తిరుపతి పక్క ఊరు లాంటిదే. ఎన్నిసార్లు వెళ్లామో లెక్క లేదు. కానీ 2022 మే 4, 5 తేదీల ప్రయాణం మాత్రం గంటగంటకీ గుర్తుంది. ఆ రాత్రి లాడ్జిలో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి, కన్ను మూయకుండానే కొండెక్కాం.

అమ్మ, నేను నెల్లూరు నుంచి రైల్లో వచ్చాం. అక్క చెన్నై నుంచి మధ్యాహ్నానికే దిగింది. అక్క కొడుకు ఉద్యోగం బెంగళూరులో. వాడు పలమనేరు, చిత్తూరు మీదుగా బస్సులో వచ్చి రాత్రి తొమ్మిదికి చేరాడు. తిరుపతి జిల్లా ఏర్పడి అప్పటికి సరిగ్గా నెల. షాపుల బోర్డుల మీద ఇంకా చిత్తూరు జిల్లా అనే ఉంది.

గది సంగతి ముందు చెప్తాను, వెళ్లేవాళ్లకి పనికొస్తుంది. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రెండూ దేవస్థానం వసతి గృహాలు. దొరికితే వాటిని మించింది లేదు. వేసవి సెలవుల్లో మేము ఆలస్యంగా మేలుకున్నాం కాబట్టి గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ఒక లాడ్జిలో రెండు ఏసీ గదులు తీసుకున్నాం, ఒక్కోటి రూ.1,400. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. ఏసీ చల్లగానే ఉంది కానీ లారీ ఇంజన్‌లా మోత. లిఫ్ట్ మొదటి అంతస్తు దాటి పైకి వెళ్లలేదు, అమ్మ మూడో అంతస్తుకి మెట్లెక్కాల్సి వచ్చింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు డబ్బు కట్టే ముందు లిఫ్ట్ ఎక్కి చూసుకోండి.

మేనల్లుడు బ్యాగు దించకుండానే అడిగిన మొదటి మాట, "మామా, వైఫై ఉందా?" ఆ రాత్రి పన్నెండున్నరకి యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ రెండో మ్యాచ్. మాడ్రిడ్‌లోని బెర్నబ్యూ స్టేడియంలో రియల్ మాడ్రిడ్, మాంచెస్టర్ సిటీ. వాడు రియల్‌కి పిచ్చి అభిమాని, తెల్ల జెర్సీ వేసుకునే బస్సెక్కాడు. వారం ముందు మాంచెస్టర్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌లో సిటీ 4-3తో గెలిచింది. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్కేస్తారు, అంటే రియల్ ఒక గోల్ వెనక. అయినా వాడికి నమ్మకమే. ఆ సీజన్‌లో పారిస్ మీద బెంజిమా పదిహేడు నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టి గెలిపించాడు. చెల్సీ చేతిలో ఇక పోయింది అనుకున్నప్పుడు రోడ్రిగో గోల్‌తో మళ్లీ నిలబడ్డారు. "మా వాళ్లు చివరిదాకా ఆడతారు మామా" అన్నాడు.

అమ్మా అక్కా వాళ్ల గదిలో పడుకున్నారు. మేము ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి మంచం మీద కూర్చున్నాం. వైఫై పది నిమిషాలకోసారి పోతుంటే, నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాం. మొదటి సగంలో గోల్స్ లేవు. 73వ నిమిషంలో మారెజ్ సిటీకి గోల్ కొట్టాడు. మొత్తం లెక్క 5-3. రియల్ ఒక్కసారి కూడా బంతిని సూటిగా గోల్ మీదకి కొట్టలేదు. 87వ నిమిషంలో సిటీ ఆటగాడు గ్రీలిష్ కొట్టిన బంతి లోపలికి పోతుంటే రియల్ డిఫెండర్ మెండీ గీత దగ్గర ఆపాడు. వెంటనే ఇంకోటి, అది రియల్ గోల్‌కీపర్ కోర్టువా బూటు కొసకి తగిలి పక్కకి పోయింది. పొద్దున్నే కొండెక్కాలి, పడుకుందాం రా అన్నాను. వాడు పలకలేదు. కళ్లల్లో నీళ్లు కనిపించాయి, నేనూ మళ్లీ అడగలేదు.

అప్పుడు కింద నుంచి ఒక పెద్ద కేక వినబడింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఫోన్‌లో బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంది. అర నిమిషం తర్వాత కామవింగా పంపిన బంతిని బెంజిమా కాలితో గోల్ ముందుకి తిప్పడం, రోడ్రిగో లోపలికి తోయడం చూశాం. ఫోన్‌లో వచ్చేది టీవీ కంటే వెనక ఉందని అప్పుడు అర్థమైంది. వాడు మంచం మీద లేచి నిలబడ్డాడో లేదో, కింద ఇంకో కేక. ఈసారి ఇద్దరికీ తెలిసిపోయింది, రెండోది కూడా పడింది. చూడకముందే తెలిసిన ఆ గోల్ కోసం ఫోన్ వైపు చూస్తూ గడిపిన అర నిమిషం లాంటిది నా జీవితంలో ఇంకోటి లేదు. కార్వాహల్ వేసిన బంతి, అసెన్సియో తల తాకి వెనక్కి జారింది, రోడ్రిగో తలతో గట్టిగా కొట్టాడు. 90వ నిమిషంలో ఒకటి, మరో నిమిషంన్నరలోనే రెండోది. కొట్టింది 68వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన కుర్రాడు.

ఫోన్ అక్కడే వదిలేసి మెట్లు దిగి పరుగెత్తాం. రిసెప్షన్‌లో చిన్న టీవీ, దాని ముందు కేరళలోని పాలక్కాడు నుంచి దర్శనానికి వచ్చిన ముగ్గురు అబ్బాయిలు, రాత్రి డ్యూటీ అతను. "అన్నా, మెల్లగా. పైన పిల్లోళ్లు నిద్రపోతా ఉండారు" అని మాకు చెప్తూ తనే లేచి నిలబడి చూస్తున్నాడు. ఆ ముగ్గురిలో ఒకడు సిటీ అభిమాని. గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు, మాట లేదు. నాకూ వాళ్లకీ అరవం వచ్చు కాబట్టి మిగిలిన ఇద్దరితో మాట కలిసింది.

మొత్తం 5-5. మొత్తం సమమైతే పరాయి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లే గెలిచినట్టు అనే వెనకటి రూల్ ఉండి ఉంటే, మాంచెస్టర్‌లో మూడు గోల్స్ కొట్టిన రియల్ అక్కడికే గెలిచేసేది. ఆ రూల్ ఆ సీజన్ నుంచే తీసేశారు కాబట్టి ఎక్స్‌ట్రా టైమ్. 95వ నిమిషంలో సిటీ డిఫెండర్ డియాస్ బెంజిమాని పడగొట్టాడు, పెనాల్టీని బెంజిమానే కొట్టాడు. 6-5. ఆ తర్వాత ఇరవై అయిదు నిమిషాల టెన్షన్ ఎలా గడిచిందో చెప్పలేను. ఫోడెన్ తలతో కొట్టిన బంతిని కోర్టువా ఆపాడు, తిరిగొచ్చిన బంతిని ఫెర్నాండినో బయటికి కొట్టాడు. మూడు దాటాక విజిల్ మోగింది. మావాడు ఆ డ్యూటీ అతన్ని కావిలించుకున్నాడు.

టీ తాగుదామని బస్టాండు వైపు నడిచాం. ఆ వేళప్పుడు కూడా అక్కడ జనం మెలకువగానే ఉన్నారు. గుండు చేయించుకుని దిగినవాళ్లు, కొండెక్కబోయేవాళ్లు, మరిగే పాలు. రూ.10కి మంచి అల్లం టీ. లాడ్జికి తిరిగొస్తే కుళాయిలో నీళ్లు లేవు, రాత్రి మోటారు ఆపేస్తారట. డ్యూటీ అతను విసుక్కోకుండా మోటారు వేసి, నీళ్లు వచ్చేదాకా మెట్ల దగ్గరే నిలబడ్డాడు. లిఫ్ట్ మీద కోపం అక్కడితో పోయింది.

నాలుగున్నరకి అలిపిరి. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లే కాబట్టి తొందరగా అయిపోతుంది, కానీ 2021 నవంబరు వానలకి దెబ్బతిని మేము ప్లాన్ చేసుకునేనాటికి మూసే ఉంది. అలిపిరి దారి 3,550 మెట్లు. అయినా నా ఓటు దానికే. పైన కప్పు ఉంది, తాగే నీళ్లున్నాయి, మరుగుదొడ్లున్నాయి. బ్యాగుని కింద ఉచిత లగేజీ కౌంటర్లో ఇచ్చేస్తే పైన తీసుకోవచ్చు. గాలిగోపురం దాకానే ఊపిరాడదు, తర్వాత చాలాసేపు నడక తేలిక. మే నెలలో మాత్రం ఎండ రాకముందే మొదలుపెట్టండి. ప్రతి మెట్టుకీ పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కుతున్న ఒకామెని దాటాం. మాకంటే ఎంత ముందు మొదలుపెట్టిందో.

చివర్లో మోకాళ్ల పర్వతం. అక్కడ నిద్రలేమి అంతా ఒక్కసారి కాళ్లలోకి దిగింది. మెట్టు మీద కూలబడితే, పక్క మెట్టు మీద రాత్రి చూసిన సిటీ అబ్బాయి. మావాడు వెళ్లి వాడి పక్కన కూర్చుని తన మజ్జిగ ప్యాకెట్ ఇచ్చాడు. మ్యాచ్ మాట ఎవరూ ఎత్తలేదు.

అమ్మా అక్కా బస్సులో వచ్చి పైన కలిశారు. మధ్యాహ్నం వెంగమాంబ అన్నప్రసాద భవనంలో అన్నం, సాంబారు, రసం, మజ్జిగ. అంతమందికి వేడివేడిగా పెట్టే ఆ తీరుకి ఎప్పుడు వెళ్లినా మనసు నిండుతుంది. జెర్సీ విప్పి పంచె కట్టుకుని, ఫోన్లు అప్పగించి, రూ.300 టికెట్ల లైన్లో మూడుకి నిలబడ్డాం. మూడు గంటల్లో దర్శనమైంది. తలా ఒక లడ్డు ఉచితం, ఇంకా కావాలంటే ఒక్కోటి రూ.50.

రాత్రి కింద రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి తింటుంటే అమ్మ అడిగింది, రాత్రంతా ఏం చూశార్రా అంతగా అని. మావాడు మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. అంతా విని, "ఓడిపోయిన పిల్లలు ఏమయ్యారో పాపం" అంది. "వాళ్లకి ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ ఇంకా ఉంది అమ్మమ్మా" అన్నాడు.

పదిహేడు రోజులకి, మే 22న, ఆ లీగ్ చివరి మ్యాచ్. ఆస్టన్ విల్లా మీద 75వ నిమిషం దాకా సిటీ 0-2తో వెనకబడి ఉంది. 76 నుంచి 81లోపు మూడు గోల్స్ కొట్టి టైటిల్ గెలిచింది. ఫోన్ చేసి చెప్పాలనిపించింది, కానీ ఆ పాలక్కాడు అబ్బాయి నంబరు తీసుకోలేదు.