ఆర్‌టీఎక్స్ 3060, ఆర్‌టీఎక్స్ 4060: ఏది కొనాలి?

అంకె పెద్దదైతే అన్నిటా మేలనుకుంటాం. ఈ రెండు ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల విషయంలో అది సగమే నిజం.

2021లో వచ్చిన 3060లో 3584 కుడా కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు), 12 జీబీ మెమరీ, 192 బిట్ల బస్సు (మెమరీకి డేటా వెళ్లివచ్చే దారి) ఉన్నాయి. 2023 నాటి 4060లో ఇవన్నీ తగ్గాయి: 3072 కోర్లు, 8 జీబీ, 128 బిట్లు. అయినా 1080పీ (ఫుల్ హెచ్‌డీ) గేముల్లో కొత్తదే ముందుంటుంది. దాని బూస్ట్ క్లాక్ (జోరుగా పనిచేసేటప్పటి వేగం) 2460 మెగాహెర్ట్జ్, పాతదానిది 1777. పైగా ఎల్2 క్యాష్‌ను (చిప్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీని) 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెంచారు కాబట్టి మాటిమాటికీ మెమరీ దాకా వెళ్లే పని తగ్గింది.

కరెంటు దగ్గర పోటీయే లేదు. పాతది 170 వాట్లు, కొత్తది 115. చిన్న పవర్ సప్లై ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. డీఎల్ఎస్ఎస్ ఫ్రేమ్ జనరేషన్ (ఏఐతో మధ్య ఫ్రేములు పుట్టించడం), ఏవీ1 ఎన్‌కోడింగ్ (వీడియోను తక్కువ సైజులోకి కుదించే పద్ధతి) కూడా 4060కే ఉన్నాయి.

కానీ 8 జీబీ నాకు నచ్చని సంగతి. టెక్స్చర్లు (గేములో వస్తువుల పైపూత చిత్రాలు) అల్ట్రాలో పెడితే కొన్ని కొత్త గేముల్లో మెమరీ నిండిపోయి ఆట ఆగి ఆగి నడుస్తుంది. 4060 వాడేది ఎనిమిది పీసీఐఈ లేన్లే (కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య డేటా దారులు) కనుక, పీసీఐఈ 3.0 ఉన్న పాత మదర్‌బోర్డు మీద ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో బరువైన సీన్లు రెండర్ చేసేవారికి, ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడిపే విద్యార్థులకు 12 జీబీ 3060నే చెబుతాను. మోడల్ మెమరీలో పట్టకపోతే వేగమెంతున్నా ఉపయోగం లేదు. అయితే 3060లో 8 జీబీ రకం కూడా ఉంది, దాని బస్సు 128 బిట్లే. పెట్టె మీద 12 జీబీ అని చూశాకే డబ్బు కట్టండి.

గేములే ఆడేవారు, అదీ 1080పీలో, 4060 తీసుకోవచ్చు.