టార్ ఆగితే ఆగిపోయే బ్రౌజర్: ఫైర్‌ఫాక్స్‌లో సాక్స్ ప్రాక్సీతో నా అనుభవం

ఫైర్‌ఫాక్స్‌లో విడిగా ఒక ప్రొఫైల్ పెట్టుకుని, దానికి టార్ ప్రాక్సీ తగిలించి చాలాకాలంగా వాడుతున్నాను. టార్ అంటే మన ట్రాఫిక్‌ను వేర్వేరు కంప్యూటర్ల గుండా తిప్పి, ఎవరు ఏం చూస్తున్నారో దాచే నెట్‌వర్క్. ప్రాక్సీ అంటే బ్రౌజర్ అడిగినవి తన ద్వారా పంపే మధ్యవర్తి, సాక్స్ అందులో ఒక రకం. చదువుకోవడం, వెతుక్కోవడం ఎక్కువగా అందులోనే. సెట్టింగులు తెలిసినవే: హోస్ట్ 127.0.0.1 (అంటే నా కంప్యూటరే), పోర్ట్ 9050, సాక్స్ వెర్షన్ 5. టార్ బ్రౌజర్‌తో (టార్ కోసమే ఫైర్‌ఫాక్స్ మీద కట్టిన బ్రౌజర్) వచ్చే టార్‌నే వాడుకునేవాళ్లకు పోర్ట్ 9150. వాటి గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఈ ఏర్పాటులో నాకు ప్రాణంలా నచ్చింది ఒక్కటే. టార్ ఆగితే బ్రౌజర్ కూడా మొండికేస్తుంది. వీపీఎన్ వాడిన రోజుల్లో నాకు పెద్ద టెన్షన్ ఇదే. కనెక్షన్ మధ్యలో తెగిపోయినా, అప్పుడు ఇంటర్నెట్‌నే ఆపేసే కిల్ స్విచ్ లేకపోతే పేజీలు మామూలు దారిలో ఎంచక్కా తెరుచుకునేవి. తెగిందన్న సంగతి ఎప్పటికో తెలిసేది. ఇక్కడ ఆ గొడవ లేదు. సెట్టింగుల్లో ప్రాక్సీ అడ్రసు చేత్తో రాసి పెట్టాక టార్ నడవకపోతే, ప్రాక్సీ సర్వర్ కనెక్షన్లను నిరాకరిస్తోందన్న పేజీ వస్తుంది, అంతే. ల్యాప్‌టాప్ మూత తీసిన వెంటనే, టార్ ఇంకా లేవకముందు, ట్యాబులన్నీ ఇలాగే నిలబడిపోతాయి. ఆ ఎర్రర్ పేజీ చూస్తే నాకు విసుగు రాదు, ధైర్యం వస్తుంది.

ఆ ధైర్యాన్ని దెబ్బతీసింది ఒక యాడ్-ఆన్. ఒక్క క్లిక్కుతో ప్రాక్సీ మార్చుకోవచ్చని వేసుకున్నాను. టార్ ప్రాజెక్ట్ చెక్ పేజీ తెరిస్తే మీరు టార్ ద్వారానే వచ్చారంటూ అభినందనలు కూడా చెప్పింది. వార్తల సైట్లు, వికీపీడియా అన్నీ తెరుచుకుంటున్నాయి. టార్ ద్వారానే తెరుచుకునే డాట్ ఆనియన్ అడ్రసులు మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదు. ఏది కొట్టినా సర్వర్ దొరకలేదనే జవాబు. అవే అడ్రసులు టార్ బ్రౌజర్‌లో శుభ్రంగా వస్తున్నాయి.

టార్ లాగ్ (టార్ తన పని రాసిపెట్టుకునే చిట్టా) తెరిస్తే అందులో హెచ్చరిక కనబడింది: మీ అప్లికేషన్ టార్‌కు ఐపీ అడ్రసు (సైటుకు ఉండే అంకెల అడ్రసు) మాత్రమే ఇస్తోంది, పేర్లను తానే వెతుక్కునే అప్లికేషన్ల నుంచి సమాచారం బయటికి పోవచ్చు అని దాని సారాంశం. అప్పుడు లెక్క తేలింది. సాక్స్ 5లో ప్రాక్సీకి సైటు పేరైనా ఇవ్వొచ్చు, ఐపీ అడ్రసైనా ఇవ్వొచ్చు. ఈ యాడ్-ఆన్ డీఎన్ఎస్ పనిని, అంటే సైటు పేరుకు ఐపీ అడ్రసు వెతికే పనిని, ప్రాక్సీకి అప్పగించడం లేదు. బ్రౌజర్ ముందు సైటు పేరును నా ఇంటర్నెట్ కంపెనీ డీఎన్ఎస్ సర్వర్‌ను అడిగి, వచ్చిన ఐపీని టార్‌కు ఇస్తోంది. పేజీ టార్ దారిలో వస్తోంది కాబట్టి చెక్ పేజీకి అంతా సవ్యంగానే కనబడింది. డాట్ ఆనియన్ పేర్లు మామూలు డీఎన్ఎస్‌లో ఉండవు కాబట్టి అవి మాత్రం దొరకలేదు.

అనుమానం పూర్తిగా తీరాలని టార్‌ను ఆపేసి, టెర్మినల్‌లో డీఎన్ఎస్ ప్రశ్నలు వెళ్లే పోర్ట్ 53 మీద టీసీపీడంప్ (వచ్చేపోయే డేటాను చూపించే టూల్) పెట్టి, ఒక సైటు పేరు టైప్ చేశాను. బ్రౌజర్‌లో నాకిష్టమైన ఎర్రర్ పేజీ వచ్చింది. పక్కనే టెర్మినల్‌లో ఆ సైటు పేరు, అక్షరం పొల్లుపోకుండా, బయటికి వెళ్తూ కనబడింది. పేజీ ఆగింది, పేరు ఆగలేదు. నేను ఏ సైటు చూస్తున్నానో దాచడానికే ఇంత చేస్తే, దారిలో ఉన్నవాళ్లందరికీ ఆ పేరే తెలుస్తుంటే ఎంత మండుతుందో చెప్పలేను.

యాడ్-ఆన్ తీసేసి బ్రౌజర్ సొంత సెట్టింగులకే వచ్చాను. సాక్స్ 5 వాడేటప్పుడు డీఎన్ఎస్ కూడా ప్రాక్సీ ద్వారానే పంపాలనే టిక్ అక్కడ ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ 128 (2024) నుంచి అది ముందే పెట్టి ఉంటుంది, పాత వెర్షన్లలో మనమే పెట్టాలి. ఇప్పుడు అబౌట్:నెట్‌వర్కింగ్‌లో బ్రౌజర్ తానే వెతికిన పేర్ల డీఎన్ఎస్ జాబితా చూస్తే నేను తెరిచిన సైట్ల పేర్లు ఉండటం లేదు.

కాబట్టి టార్ ఆగితే అన్నీ ఆగుతాయన్న నా మాటను కొంచెం తగ్గించి తీసుకోండి. ఆ టిక్ ఉన్నప్పుడే అది నిజం. డేటా పంపే పద్ధతుల్లో టార్ టీసీపీని మాత్రమే మోస్తుంది. బ్రౌజర్‌లో వీడియో కాల్స్ నడిపే వెబ్ఆర్‌టీసీ, యూడీపీ అనే మరో పద్ధతి మీద సొంత దారి వెతుక్కోవచ్చు గనుక దాన్ని కూడా అబౌట్:కాన్ఫిగ్‌లో ఆపేశాను. వీడియో కాల్స్‌కు ఈ ప్రొఫైల్ ఇక పనికిరాదు.

ఇంకో లోటు ఈ బ్రౌజర్ సెట్టింగులతో తీరలేదు. టార్ బ్రౌజర్ ఒక్కో సైటుకు వేర్వేరు సర్క్యూట్ (టార్ కంప్యూటర్ల గుండా వెళ్లే దారి) వాడుతుంది. నా ఏర్పాటులో ఒకే సమయంలో తెరిచిన సైట్లు చాలావరకు ఒకే సర్క్యూట్‌లో, ఒకే ఎగ్జిట్ (ఆ దారిలో చివరి కంప్యూటర్) నుంచి వెళ్తాయి. పైగా టార్ బ్రౌజర్ వాడేవాళ్లందరూ సైట్లకు ఇంచుమించు ఒకేలా కనబడతారు. నా ఫాంట్లు, విండో సైజు, యాడ్-ఆన్‌లు మాత్రం నన్ను గుంపులోంచి ఇట్టే పట్టిస్తాయి.

నాకు కావాల్సింది నా ఇంటర్నెట్ కంపెనీకి నేనేం చదువుతున్నానో తెలియకపోవడం, నా బుక్‌మార్కులు నా దగ్గర ఉండటం. అంతవరకు దీన్ని వదలను. గుర్తుపడితే ప్రమాదంలో పడే పరిస్థితి మీదైతే టార్ బ్రౌజరే వాడండి, ఇది వద్దు. యాడ్-ఆన్‌తో ప్రాక్సీ మారుస్తున్నవాళ్లు మాత్రం ఈరోజే ఒకసారి టార్ లాగ్ తెరిచి, ఆ హెచ్చరిక ఉందేమో చూసుకోండి.