లేఅవుట్ వేయకముందు మా పొలంలో చేయించిన పురావస్తు సర్వే: ఒక సమీక్ష

విశాఖపట్నం నుంచి తగరపువలస వెళ్లే దారిలో, ఆనందపురం దాటాక లోపలికి మా ఉమ్మడి కుటుంబానికి ఆరెకరాల మెట్ట పొలం ఉంది. మా ఇంట్లో దాన్ని మొదటి నుంచీ ‘పెంకుల గరువు’ అనే పిలుస్తారు, ఎందుకంటే దుక్కి దున్నిన ప్రతిసారీ పాత కుండ పెంకులు నాగలికి తగిలేవి. గత ఏడాది ఆ భూమిని ఇళ్ల స్థలాల లేఅవుట్‌కు ఇవ్వాలని అన్నదమ్ములం నిర్ణయించుకున్నప్పుడు, యంత్రాలు దిగకముందే నేలను ఒకసారి తెలిసినవారికి చూపించాలని నేను పట్టుబట్టాను. నగరంలో ఇటువంటి సర్వేలు చేసే ఒక చిన్న బృందాన్ని పిలిచాం. వారి పనితీరు గురించి, మాలాగే ఆలోచిస్తున్న భూయజమానులకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

మా బంధువుల్లో చాలామంది వద్దన్నారు. పెంకు దొరికితే చాలు, ప్రభుత్వం భూమి తీసేసుకుంటుందని వారి భయం. బృందం పెద్ద మొదటి సమావేశంలోనే దీనికి ఓపికగా జవాబిచ్చారు. పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఒక స్థలాన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించాలంటే ముందుగా రెండు నెలల గడువుతో నోటీసు ఇచ్చి అభ్యంతరాలు వినాలి. నిర్మాణాలకు వంద మీటర్ల నిషిద్ధ ప్రాంతం, ఆపైన రెండు వందల మీటర్ల నియంత్రిత ప్రాంతం అనేవి అలా ప్రకటించిన కట్టడాలు, ప్రదేశాల చుట్టూ వర్తిస్తాయే తప్ప, పెంకులు దొరికిన ప్రతి పొలానికీ కాదు. అయితే నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు బయటపడితే 1878 నాటి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలియజేయవలసిందేనని, ఆ విషయంలో తాము మొహమాటపడబోమని కూడా స్పష్టంగా చెప్పారు. ఈ నిక్కచ్చితనం నాకు నచ్చింది.

పురావస్తు తవ్వకానికి లైసెన్సు కావాలి కనుక వారు పలుగు, పార పట్టలేదు. తొలకరికి ముందు పైపైన ఒక దుక్కి దున్నించి, ఒక మంచి వాన పడేవరకు ఆగమన్నారు. వాన మట్టిని కడిగితే పెంకులు పైకి తేలి రంగు కనబడుతుందట. ఆ తరువాత పొలాన్ని ఇరవై మీటర్ల గళ్లుగా విభజించి, జెండాలు పాతి, నలుగురు వరుసగా నడుస్తూ ఏ గడిలో దొరికిన పెంకులను ఆ గడి సంఖ్య వేసిన సంచిలోనే వేశారు. నాలుగు రోజులు పట్టిన ఆ నడకే మొత్తం సర్వేకు ప్రాణమని నా అభిప్రాయం.

మొదటి రెండు రోజుల్లో పొలమంతటా పెంకులు పలచగా, దాదాపు సమానంగా కనిపించాయి. నేను ఉత్సాహపడ్డాను కానీ వారు పడలేదు. మా పొలంలో చిన్ననాటి నుంచి పనిచేసిన పెద్దాయనను కూర్చోబెట్టి అడిగితే, “బాబూ, అవి మీ తాతగారు ఊరి పాటిదిబ్బ నుంచి బండ్లతో తోలించిన మన్నులోవి” అన్నారు. ఎరువు కోసం పాటిమన్ను, అంటే పాత ఊళ్లు ఉండిన దిబ్బల మట్టి, తోలడం మన పల్లెల్లో అందరికీ తెలిసినదే, కానీ ఆ మన్నుతోపాటు ఎక్కడో నివసించినవారి పెంకులు మన చేలోకి వస్తాయని నేను ఎన్నడూ ఆలోచించలేదు. అలా వచ్చి, నాగలి కింద నలిగిన పెంకుల అంచులు అరిగి గుండ్రబడతాయని వారు చేతిలో పెట్టి చూపించారు.

ఈశాన్య మూలలో, చెరువు గట్టుకు ఆనుకుని ఉన్న సుమారు ముప్పై సెంట్లలో మాత్రం పరిస్థితి వేరు. అక్కడి పెంకుల అంచులు పదునుగా ఉన్నాయి, అంటే అవి బయటి నుంచి తోలిన మన్నులోవి కాకపోవచ్చు. ఒక్కో గడిలో అనేక రెట్లు ఎక్కువగా ఉన్నాయి, వెడల్పాటి ఇటుక ముక్కలు కూడా దొరికాయి. కొన్ని పెంకులు బయట ఎరుపు, లోపల నలుపు. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక నల్లబడుతుందని అప్పుడే తెలుసుకున్నాను. విశాఖ దగ్గరి తొట్లకొండ, బావికొండ, పావురాలకొండల మీద బౌద్ధ భిక్షువులు నివసించిన కాలంలో వారికి ధాన్యం పండించిన ఊళ్లు ఈ పల్లపు నేలల్లోనే ఉండి ఉండాలి కదా అని బృందం పెద్ద అన్న మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. తొట్లకొండ కూడా 1976లో నౌకాదళం తన అవసరాలకు సర్వే చేస్తుండగా వెలుగులోకి వచ్చినదే.

తవ్వకుండానే నేల అడుగున ఏముందో కనిపెట్టే అయస్కాంత పరికరంతో చేసిన పరిశీలన అంత తృప్తినివ్వలేదు. ఇనుప కంచె, విద్యుత్ స్తంభం దగ్గర రీడింగులు చెడిపోయాయి. కంచె తీయించి ఉంచమని ముందే చెప్పి ఉంటే తీయించేవాళ్లం. నివేదిక ఒప్పుకున్న తేదీకన్నా మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. పైగా ఇంగ్లీషులో మాత్రమే ఉంది. సంతకం పెట్టవలసిన మా పెదనాన్నగారికి నేను వాక్యం వాక్యం చదివి తెలుగులో చెప్పవలసివచ్చింది. రైతుల భూమి గురించి రాసిన కాగితం రైతులకు అర్థమయ్యే భాషలో ఉండకపోవడం నా దృష్టిలో పెద్ద లోపమే.

సూచనలు మాత్రం ఆచరణయోగ్యంగా ఉన్నాయి. నిబంధన ప్రకారం ఎలాగూ విడిచిపెట్టవలసిన ఖాళీ స్థలాన్ని ఆ ఈశాన్య మూలకు మార్చమన్నారు. అక్కడ బోరు వేయకుండా, నేల చెక్కకుండా పైన మట్టి పరచి పార్కు చేయమన్నారు. రోడ్లకు, కాలువలకు జేసీబీ దిగే రోజుల్లో తమ మనిషి ఒకరు దగ్గరుండి చూస్తారన్నారు, అలాగే వచ్చి కూర్చున్నారు. రాష్ట్ర పురావస్తు శాఖకు రాయవలసిన లేఖను మాతో కలిసి తయారు చేశారు. దీనివల్ల మేము ఒక్క ప్లాటు కూడా కోల్పోలేదు. పటంలో స్థలాలు అటూ ఇటూ జరిగాయి, అంతే.

పిలవదలచినవారు వేసవి చివరలోనే మాట్లాడుకోండి, ఎందుకంటే పైరు ఎదిగాక ఈ నడక సాధ్యం కాదు. పరికరాల రోజుల ఖర్చు విడిగా ఎంతో, నివేదిక తెలుగులో ఇస్తారో లేదో ముందే కాగితం మీద రాయించుకోండి. ఊళ్లో పాటిదిబ్బ ఎక్కడ ఉండేదో తెలిసిన పెద్దలు ఉంటే, సర్వే మొదటి రోజున వారిని పొలానికి తీసుకురండి.