ఆకు కదలని తెల్లవారుజామున అలోహా

భీమవరం పక్కన ఒక రొయ్యల ప్లాంటులో కోల్డ్ స్టోరేజీ యంత్రాలు నా బాధ్యత. వాటిలో తిరిగేది అమ్మోనియా. అది లీకైతే ముందు ఏ వీధిని లేపాలి? ఈ ప్రశ్నతోనే అలోహా వాడడం మొదలుపెట్టాను. విషవాయువు లీకైతే ఎటు, ఎంతదూరం పాకుతుందో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం; అమెరికా పర్యావరణ, వాతావరణ సంస్థలు కలిసి చేశాయి. ఉచితం.

దాని ఊళ్ల జాబితాలో భీమవరం లేదు. అక్షాంశ రేఖాంశాలు మనమే ఎక్కించుకోవాలి. ట్యాంకు కొలతలు, రంధ్రం సైజు, గాలి, మబ్బు అన్నీ అడుగుతుంది; లెక్కల మాస్టారిలా ఒక్క మెట్టు దాటనివ్వదు. చివరికి ఎరుపు (ప్రాణాపాయం), నారింజ (తీవ్ర హాని), పసుపు (ఇబ్బంది) మండలాలు గీస్తుంది. అమ్మోనియాకు గంటసేపు పీల్చే లెక్కన వాటి హద్దులు 1100, 160, 30 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో అన్ని పాళ్లు. అమ్మోనియా తేలిక, పైకి పోతుందిలే అని మావాళ్ల ధీమా. ట్యాంకు నుంచి ద్రవంగా చిమ్మితే చల్లటి తెల్లమబ్బై నేలబారున పాకుతుందని అలోహాకు తెలుసు. నైరుతి గాలి పెట్టి చూస్తే, జనాన్ని పోగుచేద్దామనుకున్న ఈశాన్యపు గేటు నారింజలో పడింది. మర్నాడే చోటు మార్చాం.

పంచాయతీలో ఈ బొమ్మ చూపిస్తే ఒకాయన, "మంట ఎంత దూరం వస్తుందండీ?" అన్నారు. తప్పు లేదు. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి మంటను, 2014లో నగరం అనే ఊళ్లో గ్యాసు పైపు పేలుడును చూసిన జనానికి గ్యాసు అంటే మంటే.

నేల చదునుగా ఉంటుందనే ఊహతో అలోహా లెక్క కడుతుంది కాబట్టి డెల్టాకు సరిపోయింది. పేచీ అంతా ధనుర్మాసంలో. ఆ రోజుల్లో తెల్లవారుజామున మా వాచ్‌మన్ చలిమంట వేస్తే పొగ చెరువు మీద పరుపు పరిచినట్టు పడుకుంది. ఎండెక్కేదాకా లేవలేదు. "ఈ పొగని మీ కంప్యూటర్ ఎటు పంపుతుందండీ?" అన్నాడు. గాలి సెకనుకు అర మీటరు అని అలోహాలో కొట్టాను. తీసుకోలేదు. మీటరుకు తగ్గితే దాని లెక్క చెల్లదు. నాకు ఎక్కువ భయం ఉన్నది సరిగ్గా ఆ గంటలోనే.

కాలువ, ఊరికున్న ఒకే ఒక్క వంతెన కూడా దీని లెక్కలోకి రావు. అది దాని పని కాదనుకోండి.

ఐదుకు నాలుగు మార్కులు. మా ప్లానులో ఇప్పుడు రెండు బొమ్మలున్నాయి: ఒకటి అలోహా గీసినది, రెండోది మంచు రోజుల కోసం ప్లాంటు చుట్టూ నేను పెన్సిలుతో గీసిన సున్నా. ఆ సున్నాకు కొలత అడిగితే, పొగ ఎంతవరకు పాకిందో వాచ్‌మన్ అడుగులేసి చూపించాడు.