అంతర ఇంజెక్షనా, ఛాయ మాత్రలా?

గర్భం రాకుండా వాడే ఈ రెండూ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితమే. అంతర మూడు నెలలకోసారి కండకు వేసే ఇంజెక్షన్. వేసినచోట రుద్దకూడదు, రుద్దితే మందు త్వరగా ఒంట్లో కలిసిపోతుంది. గడువు దాటినా నాలుగు వారాల్లోపు వేయించుకోవచ్చు. నెలసరి గతి తప్పుతుంది, కొందరికి ఆగిపోతుంది కూడా. చాలామంది మధ్యలో మానేసేది ఇందుకే. ముందే చెబితే సగం భయం పోతుంది. ఆపాక గర్భం రావడానికి 7–10 నెలలు పట్టొచ్చు కాబట్టి, ఏడాదిలోపే బిడ్డ కావాలనుకునేవాళ్లకు ఇది తగదు.

ఛాయలో హార్మోన్ లేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్‌ఐ) రూపొందించిన మాత్ర. నెలసరి మొదటిరోజు మొదలుపెట్టి మూడు నెలలు వారానికి రెండుసార్లు ఒక్కోటి, తర్వాత వారానికొకటి. రోజూ వేసుకునేది కాదు కదా, మరిచిపోవడం తేలిక. మరిచిపోయి ఏడు రోజులు దాటితే మళ్లీ మొదటినుంచే. ఈమధ్య కామెర్లు వచ్చినవాళ్లు వాడకూడదు. పాలిచ్చే తల్లికి అంతర కాన్పయిన ఆరు వారాలకు. ఛాయ ఆ ఆరు వారాలు ఆగకుండానే ఇవ్వొచ్చు.