బీటా డెస్క్‌టాప్‌ను మనకు నచ్చినట్టు మార్చుకోవాలంటే గ్నోమా, ప్లాస్మానా? ఏది మేలు?

రెండేళ్ల కింద ఒక పొద్దున తిప్పర్తి నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన పహాణీ ప్రింటు కోసం నా కౌంటర్ ముందు నిలబడ్డాడు. మిషన్ ఆన్ చేశాను. వాల్‌పేపర్ వచ్చింది, మౌస్ బాణం వచ్చింది, అంతే. కింద పట్టీ లేదు, మెనూ లేదు, టైమ్ లేదు. ముందు రోజు రాత్రి ఒక లైనక్స్ డిస్ట్రో బీటాకు (విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చే వెర్షన్‌కు) అప్‌డేట్ కొట్టి, మళ్లీ ఆన్ చేసి చూడకుండానే షట్టర్ దించి ఇంటికి పోయాను. "ఏమైంది బిడ్డా, కరెంట్ పోయిందా?" అని అడిగాడాయన. "కరెంటున్నది పెద్దయ్యా, పట్టీ పోయింది" అన్నాను. ఆయనకు ఏం అర్థమైందో ఏమో, పక్క షాపుకు మాత్రం పోకుండా బల్ల మీద కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి బీటాను కౌంటర్ మిషన్ మీదికి రానివ్వలేదు. అలాగని చూడటం మానలేదు. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర డీటీపీ, జిరాక్స్ షాపు నడిపేవాడికి ఈ పిచ్చి ఎందుకంటే చెప్పడం కష్టం. కొందరికి కొత్త సినిమా మొదటి ఆట, నాకు కొత్త డెస్క్‌టాప్ బీటా. డెస్క్‌టాప్ అంటే లైనక్స్ పైన మనకు కనిపించే పట్టీలు, మెనూలు, కిటికీలు. గ్నోమ్, కేడీఈ వాళ్ల ప్లాస్మా అలాంటివే.

తంటా ఏమిటంటే బీటాలన్నీ మన సీజన్ చూసుకునే వచ్చినట్టు వస్తాయి. ఉబుంటు అనే లైనక్స్ డిస్ట్రో ఏటా ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి విడుదలవుతుంది. బీటా దానికి మూడు నాలుగు వారాల ముందు. ఒకటి పెళ్లి పత్రికల గిరాకీకి అడ్డం పడుతుంది, ఇంకోటి బతుకమ్మ ఫ్లెక్సీలకు. 2025లో 25.10 బీటా సెప్టెంబరు 18న వచ్చింది, మూడు రోజులకు ఎంగిలిపూల బతుకమ్మ. అసలు విడుదల అక్టోబరు 9న. అదే నెల 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత మిషన్లు చేతబట్టుకుని "అన్నా, దీంట్ల లైనక్స్ ఎక్కుతదా?" అని వచ్చేవాళ్లు అప్పటికే మొదలయ్యారు. దసరా సెలవులకు మేనల్లుడు కూడా ఇంటికొచ్చాడు. ఇద్దరం కూర్చుని రెండు బీటాలు పక్కపక్కన పెట్టి చూశాం. ఒకటి గ్నోమ్ 49 ఉన్న ఉబుంటు, ఇంకోటి ప్లాస్మా 6.4 ఉన్న కుబుంటు. రెండింటి కింద ఉన్న సరుకు ఒకటే, పైన డెస్క్‌టాప్ వేరు. అందుకే పోల్చడానికి ఈ జంట బాగుంటుంది.

ఎక్కడ పెట్టి చూడాలి?

దీన్ని ముందే తేల్చుకోవాలి. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపితే మిషన్‌కు ఏ హానీ లేదు. వెంటాయ్ అనే ప్రోగ్రామ్ వేసుకుంటే ఒకే పెన్‌డ్రైవ్‌లో నాలుగైదు ఐఎస్‌ఓలు (ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) పడతాయి. వైఫై, సౌండ్, స్క్రీన్ వెలుతురు చూసుకోవడానికి అది చాలు. మార్చుకోవడం పరీక్షించడానికి మాత్రం దండగ. గంటసేపు పట్టీలు సర్ది, రంగులు మార్చి, రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. వర్చువల్ మిషన్‌లో, అంటే ఉన్న సిస్టమ్ లోపలే ఇంకో సిస్టమ్ నడిపితే, సెట్టింగులు నిలుస్తాయి గానీ, 8 జీబీ ర్యామ్‌ను రెండు సిస్టమ్‌లకు పంచితే రెండూ కుంటుతాయి. పైగా టచ్‌ప్యాడ్ మీద మూడు వేళ్లతో జరిపే జెశ్చర్లు లోపలి డెస్క్‌టాప్‌కు అందవు. ఇప్పటి డెస్క్‌టాప్‌ల రుచి సగం వాటిలోనే ఉంది.

నా పద్ధతి వేరే ఎస్‌ఎస్‌డీ. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్న పాత ల్యాప్‌టాప్ ఒకటుంది. దాని డిస్క్ విప్పి పక్కన పెట్టి, చిన్న ఎస్‌ఎస్‌డీ బిగించి, అందులో బీటా ఎక్కిస్తాను. రెండు డిస్కులూ ఉంచి ఇన్‌స్టాల్ చేస్తే మిషన్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ పోయి పాత డిస్కులో కూర్చునే ప్రమాదం ఉంది. స్క్రూలు విప్పే ఓపిక ఉంటే ఆ టెన్షన్ ఉండదు. ఇంకో సుఖం కూడా ఉంది. ఉబుంటు బీటా ఎక్కించినవాళ్లు అప్‌డేట్లు వేసుకుంటూ పోతే విడుదల రోజుకు అదే అసలు వెర్షన్ అవుతుంది, మళ్లీ ఎక్కించే పని లేదు. ఒక్కో ఐఎస్‌ఓ ఐదు జీబీలకు అటూ ఇటూ. మొబైల్ డేటా మీద బతికేవాళ్లు మధ్యలో ఆగితే అక్కడి నుంచే అందుకునే డౌన్‌లోడర్ వాడండి, అయ్యాక ఫైలు చెడకుండా వచ్చిందో లేదో చెప్పే చెక్‌సమ్ సరిచూసుకోండి.

గ్నోమ్: అద్దె ఇల్లు

గ్నోమ్ బీటా చూడగానే శుభ్రంగా ఉంటుంది. ఎక్కడా గజిబిజి లేదు, యానిమేషన్లు తడబడవు. చేతిలోకి తీసుకుని ఇది అటు, అది ఇటు అందామంటేనే ఇబ్బంది. అద్దె ఇంట్లో మేకు కొట్టాలంటే ఓనర్‌ను అడిగినట్టు ఉంటుంది. సెట్టింగుల్లో ఇచ్చినవి కొన్నే: ముదురా లేతా, బటన్లకు వచ్చే యాక్సెంట్ రంగు ఏది, డాక్ (యాప్‌ల ఐకాన్లు ఉండే పట్టీ) ఎడమనా కిందనా, ఐకాన్ల సైజు, డాక్ దాచుకోవాలా వద్దా. అంతకు మించి కావాలంటే బయటి నుంచి తెచ్చి తగిలించే చిన్న ప్రోగ్రాములు, ఎక్స్‌టెన్షన్లే గతి. పైపట్టీనీ డాక్‌నూ కలిపి విండోస్ లాంటి ఒకే పట్టీ చేసే డ్యాష్ టు ప్యానెల్, పాతకాలం మెనూ ఇచ్చే ఆర్క్‌మెనూ ఈ కోవలోవే.

బీటాలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ప్రతి ఎక్స్‌టెన్షన్ తాను గ్నోమ్ ఏయే వెర్షన్లలో పనిచేస్తుందో ఒక చిన్న ఫైలులో రాసుకుని వస్తుంది. కొత్త వెర్షన్ నంబరు అందులో లేకపోతే అది ఆన్ కాదు. రాసిన మనిషి తీరిక చూసుకుని, పరీక్షించి, నంబరు చేర్చేదాకా ఆగాలి. చాలామంది జీతం లేకుండా రాసేవాళ్లే, వాళ్లను తొందరపెట్టే హక్కు మనకు లేదు. ఈ నంబరు తనిఖీని సెట్టింగ్‌తో ఆపేయొచ్చు. దాంతో ఎక్స్‌టెన్షన్ ప్రయత్నమైతే చేస్తుంది, పనిచేస్తుందన్న హామీ ఉండదు. 2023 సెప్టెంబరులో గ్నోమ్ 45 వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్లు కోడ్‌ను పిలుచుకునే పద్ధతే మారింది. పాతవి ఒక్కటీ ఉన్నది ఉన్నట్టు నడవలేదు, ప్రతి రచయితా తిరగరాయాల్సి వచ్చింది.

ఉబుంటు డాక్ కూడా లోపల ఎక్స్‌టెన్షనే. దాన్ని ఉబుంటు వాళ్లే ఆ వెర్షన్‌కు సరిచేసి ఇస్తారు గనక బీటాలోనూ నిలబడుతుంది. అంటే ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు వాడుకుంటే గ్నోమ్ బీటా హాయి, మన చేయి పెట్టినచోటే పగులు. 25.10 నుంచి ఉబుంటులో గ్నోమ్‌కు తెర మీద బొమ్మ చూపించే పాత పద్ధతి ఎక్స్‌ఆర్గ్ సెషన్ తీసేశారు, ఇక కొత్త పద్ధతి వేలాండ్ ఒక్కటే. పాత పద్ధతిలోని ఎక్స్‌మోడ్‌మ్యాప్‌తో కీలు అటూ ఇటూ మార్చుకున్న నాలాంటి పాతకాపులు ఆ చిట్కాలు మరిచిపోవాలి.

ప్లాస్మా: సొంత జాగా

మేనల్లుడు కుబుంటు తెరిచి, ఖాళీచోట రైట్ క్లిక్ కొట్టి, ఎడిట్ మోడ్‌లోకి పోయాడు. పట్టీకి పైచోటు ఎంచుకున్నాడు, పైకి పోయింది. వెడల్పు తగ్గించాడు, తగ్గింది. ఇంకో పట్టీ చేర్చి కుడిపక్కకు అంటించాడు. "మామా, గిదంతా సెట్టింగులల్లనే ఉంది, బయటికెళ్లి ఏం తెచ్చుడు లేదు" అన్నాడు. వాడు ఆ మాట మామూలుగానే అన్నాడు గానీ మొత్తం పోలికలో అసలు విషయం అదే. ప్లాస్మాలో మార్పులు డెస్క్‌టాప్‌తో పాటే తయారై, దానితో పాటే పరీక్షకు పోతాయి. బీటా వస్తే వాటికీ బీటానే, తప్పులుంటే వాటిని రాసినవాళ్లే దిద్దుతారు. గ్నోమ్‌లో అదే పని మూడో మనిషి చేతిలో ఉంటుంది.

నాకు బాగా నచ్చింది పట్టీ ఎత్తు. షాపులో ఫైళ్ల పేర్లన్నీ తెలుగులో పెడతాను, 'లక్ష్మి పెళ్లి పత్రిక', 'సద్దుల ఫ్లెక్సీ' ఇట్లా. తెలుగు అక్షరానికి కింద ఒత్తు, పైన గుడి. ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే సన్నపట్టీలో మనది ఇరుక్కుని కనిపిస్తుంది. ప్లాస్మాలో పట్టీ ఎత్తు పిక్సెల్ లెక్కన పెంచుకుంటూ పోయి, 'క్ష్మి' కింద మకార ఒత్తు నిండుగా కనిపించినచోట ఆపాను.

ప్లాస్మాకూ దెబ్బలు ఉన్నాయి. 2024 ఫిబ్రవరి 28న 6.0 వచ్చినప్పుడు ప్లాస్మా 5 కాలం నాటి విడ్జెట్లను (పట్టీలో, తెర మీద పెట్టుకునే గడియారం లాంటి ముక్కలను) కొత్తగా రాసుకోవాల్సి వచ్చింది. బయటి నుంచి థీమ్‌లు దించుకునే అలవాటున్నవాళ్లు ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ మార్చిలోనే కేడీఈ స్టోర్ నుంచి తెచ్చుకున్న ఒక గ్లోబల్ థీమ్ ఒకతని ఫైళ్లనే తుడిచిపెట్టింది. అందులోని స్క్రిప్టు తప్పు అది. గ్లోబల్ థీమ్ అంటే రంగుల డబ్బా మాత్రమే అనుకుంటాం గానీ, అది మన ఖాతాలో కోడ్ నడపగలదు. కేడీఈ వాళ్లే జాగ్రత్త అని చెప్పారు. అందుకే మావాడికి నా షరతు ఒకటే: రంగులు, ఐకాన్లు ఎన్నైనా తెచ్చుకో, గ్లోబల్ థీమ్ జోలికి పోకు.

పట్టీ చెడిపోతే ప్లాస్మాలో బాగుచేయడం సులువు. హోమ్ ఫోల్డర్‌లో దాక్కుని ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్‌లోకి పోయి, పేరు చివర 'యాప్లెట్స్‌ఆర్‌సీ' అని ఉండే ఫైలు పేరు మార్చి మళ్లీ లాగిన్ అయితే కొత్త పట్టీ వచ్చి కూర్చుంటుంది. తెర మీద ఏమీ లేకపోయినా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి నల్ల తెరలో ఆ పని చేయొచ్చు. తిప్పర్తి పెద్దయ్య వచ్చిన రోజు ఈ ముక్క తెలియక పావుగంట చెమటలు పట్టాయి.

తెలుగు టైపింగ్ దగ్గర తక్కెడ తిరిగింది

ఇంతవరకు ప్లాస్మాదే పైచేయి. పత్రిక పైన పెట్టే 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు' అనే వరుసను రెండింటిలో కొట్టి చూద్దామన్నాను. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ తెలిసినవాళ్లకు ఎక్కడా చిక్కు లేదు, కీబోర్డు జాబితాలో తెలుగు చేర్చుకుంటే రెండింటిలోనూ నడుస్తుంది. మా డీటీపీ జనం చేతులు మాత్రం 'అను' అనే తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ వాడిన రోజుల నుంచి యాపిల్ కీబోర్డుకు అలవాటు పడ్డాయి. ఆ లేఅవుట్ యూనికోడ్‌లో కావాలంటే టైపింగ్ పద్ధతులు నడిపే ఐబస్, దానికి లేఅవుట్లు ఇచ్చే ఎం17ఎన్ జోడించుకోవాలి. గ్నోమ్‌లో ఐబస్ డెస్క్‌టాప్‌లో భాగం. ప్యాకేజీ వేసి, లాగౌట్ అయి వచ్చి, కీబోర్డు పేజీలో 'తెలుగు యాపిల్' ఎంచుకున్నాను. మూడు మాటలూ తప్పు లేకుండా పడ్డాయి.

ప్లాస్మాలో అదే ప్యాకేజీ వేసి, భాష మార్చి కొడితే ఇంగ్లీషే పడుతోంది. వేలాండ్ సెషన్‌లో ఇన్‌పుట్ పద్ధతిని ప్లాస్మాకే అప్పగించాలి. సెట్టింగుల్లో వర్చువల్ కీబోర్డు అనే పేజీలోకి పోయి అక్కడ ఐబస్‌నో, అలాంటిదే అయిన ఫ్‌సిటిక్స్ 5నో ఎంచుకోవాలి. ఎదురుగా అసలు కీబోర్డు పెట్టుకున్న మనిషి 'వర్చువల్ కీబోర్డు' పేజీ ఎందుకు తెరుస్తాడు? ఇద్దరం సెట్టింగులన్నీ తిరిగాం. పక్క టైలర్ షాపు మూసేసే వేళకు దొరికింది. ఒకసారి పెట్టాక మళ్లీ కదిలించే పని లేదు, కానీ మొదటిరోజే తెలుగు రాయాల్సినవాడికి గ్నోమ్ మేలు.

మూడోది, బీటా కాదు

పాత మిషన్ పట్టుకొచ్చినవాళ్లకు ఈ రెండూ చెప్పను. 4 జీబీ ర్యామ్ ఉన్నదానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న లైనక్స్ మింట్ ఎక్కిస్తాను. ఉబుంటు 24.04 మీద కట్టిన మింట్ 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి, 25.10కు 9 నెలలే. కొత్తదనం తక్కువ. పట్టీలు మాత్రం ప్లాస్మా అంత కాకపోయినా బాగానే మారతాయి. ప్యానెల్ ప్రొఫైల్స్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటే మన అమరికను ఒక ఫైలుగా దాచుకుని ఇంకో మిషన్‌లో పరచుకోవచ్చు.

బ్యాంకు పాస్‌వర్డులు ఉన్న మిషన్ మీద బీటా వద్దని ఎందుకు అంటానో 2024 మార్చి చెబుతుంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు డెబియన్ అన్‌స్టేబుల్ (డెబియన్ లైనక్స్‌లో ఇంకా తయారవుతున్న వెర్షన్) నడిచే తన మిషన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరం నుంచి మిషన్‌లోకి వచ్చే పద్ధతి) అర సెకను ఆలస్యమవుతోందని తవ్వితే, ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో కావాలని పెట్టిన దొంగదారి బయటపడింది. డెబియన్ స్టేబుల్ లాంటి నికరమైన విడుదలల్లోకి అది చేరలేదు, విడుదలకు ముందటి వాటిలోకీ, ఎప్పటికప్పుడు కొత్తవి దించే రోలింగ్ డిస్ట్రోలు కొన్నింటిలోకీ చేరింది. దాంతో ఉబుంటు 24.04 బీటాను ఏప్రిల్ 4 నుంచి 11కు జరిపి, ఆ కోడ్ చేరాక కట్టిన ప్యాకేజీలన్నీ మళ్లీ కట్టారు.

ఇక ఎంపిక అడిగితే నేను దాటేయను. బీటాలో ఇంటర్‌ఫేస్ మార్చుకోవడమే మీ సరదా అయితే ప్లాస్మా. బీటా ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టు చూసి, తెలుగులో నాలుగు ముక్కలు రాసుకోవాలంటే ఉబుంటు గ్నోమ్, ఎక్స్‌టెన్షన్లు లేకుండా. కస్టమర్ ముందు కూర్చునే మిషన్‌కు రెండూ వద్దు.

దసరా అయ్యాక మావాడు ప్లాస్మా ఉన్న ఎస్‌ఎస్‌డీని బ్యాగులో వేసుకుని హాస్టల్‌కు పోయాడు. గ్నోమ్ సెట్టింగులను డీకాన్ఫ్ అనే కమాండ్‌తో ఒక ఫైలులోకి తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. కౌంటర్ మీద మింటే ఉంది. పట్టీ కిందే ఉంది, టైమ్ పక్కన భాష గుర్తు కనిపిస్తోంది. తిప్పర్తి పెద్దయ్య మొన్న మళ్లీ వచ్చాడు, పహాణీకే. ప్రింటు చేతికిచ్చేలోపు తెర వైపు తొంగిచూసి "పట్టీ దొరికిందా బిడ్డా?" అని అడిగాడు.