మంగళవారం డాలీయే నా డాలీ

న్యూయార్క్ షూబర్ట్ థియేటర్‌లో 2017లో మళ్లీ వేసిన సంగీత నాటకం ‘హలో, డాలీ!’ని, ప్రధాన పాత్ర డాలీగా ఇద్దరు వేర్వేరు నటీమణులతో చూశాను. అసలు డాలీగా వేసే నటి బెట్ మిడ్లర్ సెలవు తీసుకునే మంగళవారాల్లో ఆ పాత్ర డోనా మర్ఫీ చేసేవారు. అమెరికా నాటకరంగంలో పెద్ద అవార్డులైన టోనీలు రెండు గెలిచిన నటిని చూడకుండానే ‘బదులు మనిషేగా’ అని తేల్చేయడం అన్యాయం. చనిపోయిన భర్త ఎఫ్రాయిమ్‌తో డాలీ మాట్లాడే చోట ఆమె గొంతులోని దిగులుకి నాకు ఏడుపొచ్చేసింది.

కొన్ని నెలలు నాటకానికి దూరంగా ఉండి 2018 జులైలో మిడ్లర్ తిరిగొచ్చాక సందడే వేరు. ఎర్ర గౌనులో మెట్లు దిగుతుంటే ఒకటే చప్పట్లు! హోటల్లో తిండి సీన్‌కి కడుపుబ్బ నవ్వాను. కానీ ఆ హోరులో నాకు ఎక్కువగా మిడ్లరే కనిపించారు, డాలీ అప్పుడప్పుడే. టికెట్ డబ్బులకు ఇద్దరూ న్యాయం చేశారు. మళ్లీ ఒక్కటే చూడనిస్తామంటే మాత్రం మంగళవారం టికెట్టే అడుగుతాను.